నల్ల విండో కనబడకుండా బ్యాచ్ ఫైల్ నడపడం ఎలా? అబిడ్స్, నాంపల్లి దుకాణాల కోసం

హైదరాబాద్: అబిడ్స్‌లో ఒక హోల్‌సేల్ దుకాణం ఉందనుకోండి. కౌంటర్ మీద ఒకటే కంప్యూటర్. బిల్లులు దాని మీదే, ట్యాలీ దాని మీదే, జీఎస్టీ ఫైళ్లూ అందులోనే. కంప్యూటర్ బిగించిన కుర్రాడు పోతూ పోతూ ఒక బ్యాకప్ ఫైల్ పెట్టి వెళ్లాడు. రోజూ మధ్యాహ్నం రెండింటికి తెర మీద నల్ల విండో తెరుచుకుంటుంది. తెల్ల అక్షరాలు గబగబా పరుగెడతాయి. ఎదురుగా గిరాకీ నిలబడి ఉంటాడు, బిల్లు కొట్టాలి. కౌంటర్లో ఉన్నాయన మూలన ఉన్న ఇంటూ గుర్తు నొక్కి ఆ విండో మూసేస్తాడు. బ్యాకప్ అక్కడికక్కడే ఆగిపోతుంది. మర్నాడూ అదే తంతు. హార్డ్ డిస్క్ పోయిన రోజు గానీ బ్యాకప్ లేదన్న సంగతి బయటపడదు.

అందుకే చాలామంది "ఈ పని సైలెంట్‌గా, బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచేలా చేసిపెట్టండి" అని అడుగుతుంటారు. చేయడం కష్టమేమీ కాదు, రెండు లైన్ల స్క్రిప్టు చాలు. చిక్కు ఎక్కడంటే, విండోతో పాటు తప్పు కూడా దాగిపోతుంది. ఫెయిలైన బ్యాకప్ నోరెత్తకుండా కూర్చుంటే, అది విండో మూసేయడం కంటే పెద్ద నష్టం. కాబట్టి దాచడం ఎలాగో, దాచాక ఏం చూసుకోవాలో రెండూ కలిపి తెలుసుకోవాలి.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో తెలుగులో రాసిన కమాండ్లన్నీ కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

బ్యాచ్ ఫైల్ అంటే

నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి కమాండ్లు రాసి, ఫైల్ పేరు చివర 'డాట్ బ్యాట్' అని పెట్టి సేవ్ చేస్తే అదే బ్యాచ్ ఫైల్. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ కాలం నుంచే ఇది ఉంది. ఇప్పటి విండోస్‌లో 'సీఎండీ' అనే ప్రోగ్రాం దీన్ని లైను లైనుగా చదివి పని చేస్తుంది. ఆ నల్ల విండో సీఎండీదే. బ్యాచ్ ఫైల్‌కు తనంతట తాను విండో దాచుకునే కమాండ్ లేదు. మొదటి లైనులో 'ఎకో ఆఫ్' రాస్తే దాగిపోతుందని కొందరనుకుంటారు. కాదు, దానివల్ల కమాండ్లు తెర మీద కనబడవు అంతే, విండో మాత్రం వస్తుంది.

'స్టార్ట్ /మిన్' పెడితే విండో కింద టాస్క్‌బార్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. చాలా దుకాణాలకు నిజానికి ఇదే సరిపోతుంది, స్క్రిప్టు గొడవే ఉండదు. 'స్టార్ట్ /బి' వేరు. అది కొత్త విండో తెరవదు గానీ ఉన్న విండోలోనే నడుస్తుంది, ఆ విండో మూస్తే దాని పనీ పోయే ప్రమాదం ఉంది. పవర్‌షెల్‌కు 'విండోస్టైల్ హిడెన్' అని చెప్పినా, మొదట ఒక్క క్షణం విండో మెరిసి మాయమవుతుంది. పూర్తిగా కనబడకుండా చేసే పాత పద్ధతి ఒకటుంది, దాదాపు అందరూ వాడేది అదే.

రెండు లైన్ల వీబీస్క్రిప్ట్

విండోస్ 98తో పాటు విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ వచ్చింది. అందులో రెండు ప్రోగ్రాంలున్నాయి. 'సీస్క్రిప్ట్' నల్ల విండోలో నడుస్తుంది. 'డబ్ల్యూస్క్రిప్ట్'కు విండోనే ఉండదు. 'డాట్ వీబీఎస్' ఫైల్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే మామూలుగా నడిచేది రెండోదే. మన పనికి కావాల్సింది అదే.

మొదటి లైనులో 'క్రియేట్ ఆబ్జెక్ట్'తో 'డబ్ల్యూస్క్రిప్ట్ డాట్ షెల్'ను తయారు చేయించాలి. రెండో లైనులో దాని 'రన్' అనే పనికి మూడు సంగతులు వరసగా చెప్పాలి. ఒకటి, బ్యాచ్ ఫైల్ ఎక్కడుందో పూర్తి దారి. రెండు, విండో ఎలా ఉండాలో ఒక అంకె. మూడు, పని పూర్తయ్యేదాకా ఆగాలా వద్దా, అంటే 'ట్రూ' లేదా 'ఫాల్స్'.

రెండో చోట 0 పెడితే విండో కనబడదు. 1 పెడితే మామూలుగా వస్తుంది. 7 పెడితే కింద టాస్క్‌బార్‌లో ఉంటుంది, చేస్తున్న పనికి అడ్డం రాదు. ఫైల్ దారిలో ఖాళీలుంటే దాన్ని కోట్స్‌లో పెట్టాలి. వీబీస్క్రిప్ట్‌లో కోట్స్ లోపల కోట్ రావాలంటే రెండేసి రాయాలి, అందుకే మొదట్లో మూడు, చివర్లో మూడు కోట్స్ కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఫోల్డర్ పేరులో ఖాళీ లేకుండా పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

అసలు సంగతి మూడో చోట ఉంది. అక్కడక్కడ దొరికే స్క్రిప్టులన్నీ కాపీ కొట్టినవే కాబట్టి, అక్కడ 'ఫాల్స్' ఉంటుంది లేదా ఏమీ రాసి ఉండదు. ఏమీ రాయకపోయినా ఫాల్స్ కిందే లెక్క. అప్పుడు స్క్రిప్టు బ్యాచ్ ఫైల్‌ను మొదలుపెట్టి, అది ఏమైందో చూడకుండానే 'సున్నా' అని జవాబిచ్చి వెళ్లిపోతుంది. విండోస్ భాషలో సున్నా అంటే అంతా క్షేమం. లోపల బ్యాకప్ డిస్క్ లేకపోయినా, కాపీ కాకపోయినా, టాస్క్ షెడ్యూలర్‌లో రోజూ 'పని విజయవంతం' అనే ఉంటుంది. గల్లాలో డబ్బు ఉందో లేదో చూడకుండా హిసాబు సరిపోయిందని సంతకం పెట్టినట్టే ఇది.

'ట్రూ' పెడితే స్క్రిప్టు ఆగుతుంది. బ్యాచ్ ఫైల్ పూర్తయ్యాక అది ఇచ్చిన ఎగ్జిట్ కోడ్‌ను తీసుకుంటుంది. ఆ కోడ్‌ను స్క్రిప్టు చివర 'డబ్ల్యూస్క్రిప్ట్ డాట్ క్విట్'తో పైకి పంపిస్తే షెడ్యూలర్‌కు నిజం తెలుస్తుంది. ఇంకో మూడు లైన్లు కలిపితే, తప్పు జరిగినప్పుడు మాత్రం తెర మీద 'ఈ రోజు బ్యాకప్ కాలేదు' అని చిన్న మెసేజ్ వచ్చేలా చేయొచ్చు. పని సజావుగా అయిన రోజు ఎవరికీ ఏమీ కనబడదు. కాని రోజు కౌంటర్లో అందరికీ కనబడుతుంది. దుకాణానికి కావాల్సింది ఇదే.

కనబడని విండోలో ఇరుక్కుపోయే పనులు

మామూలుగా నడిచిన బ్యాచ్ ఫైల్, దాచి నడిపితే కొన్నిసార్లు ఎప్పటికీ పూర్తి కాదు. కారణం, అది లోపల ఎవరినో ఏదో అడుగుతూ ఉంటుంది. ఆ ప్రశ్న చూసేవాడు ఉండడు.

చివర్లో 'పాజ్' ఉంటే అది ఏదైనా కీ నొక్కమని కూర్చుంటుంది. 'ఎక్స్‌కాపీ' గమ్యం పేరు కొత్తదైతే 'ఇది ఫైలా, ఫోల్డరా?' అని అడగొచ్చు. దానికి '/ఐ' కలిపితే ఫోల్డర్‌గా తీసుకుంటుంది. ఫోల్డర్ మొత్తం ఖాళీ చేయమంటే 'డెల్' నిజంగా తుడిచేయాలా అని అడుగుతుంది, '/క్యూ' పెట్టాలి. 'డేట్' అని ఒక్క మాట రాస్తే తేదీ చెప్పి ఊరుకోదు, కొత్త తేదీ కొట్టమంటుంది. '/టి' పెట్టాలి. రోజూ ఇలా ఒకటి చొప్పున ఇరుక్కుంటే, టాస్క్ మేనేజర్ తెరిచేసరికి సీఎండీలు వరసగా కనిపిస్తాయి, కంప్యూటర్ ఎందుకు నెమ్మదించిందో అప్పుడు అర్థమవుతుంది.

రోబోకాపీది ఇంకో కథ. బ్యాకప్‌కు ఎక్స్‌కాపీ కంటే ఇది మేలు. కానీ ఏమీ చెప్పకుండా వదిలేస్తే, కాపీ కాని ఒక్కో ఫైల్ కోసం పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. లెక్క వేస్తే దాదాపు 347 రోజులు! ట్యాలీ తెరిచి ఉండి ఒక ఫైల్ తాళం పడితే చాలు, దాచిన రోబోకాపీ ఆ ఫైల్ దగ్గరే ఏడాది పాటు కూర్చోగలదు. '/ఆర్:2 /డబ్ల్యూ:5' కలిపితే రెండుసార్లు, ఐదేసి సెకన్ల తేడాతో ప్రయత్నించి ముందుకు పోతుంది. ఎలాగూ ట్యాలీ మూసిన వేళకే బ్యాకప్ పెట్టుకోవడం మంచిది. తెరిచి ఉండగా తీసిన కాపీ సగం సగం ఉండే అవకాశం ఉంది.

దీని ఎగ్జిట్ కోడ్లు కూడా వేరు. 0 అంటే కాపీ చేయాల్సింది ఏమీ లేదు. 1 అంటే ఫైళ్లు బాగానే కాపీ అయ్యాయి. 8, అంతకంటే ఎక్కువైతేనే తప్పు జరిగినట్టు. ఇది తెలియకపోతే బాగా అయిన రోజునే 'ఫెయిల్' మెసేజ్ వస్తుంది, నాలుగు రోజులు చూసి విసిగి ఆ మెసేజ్‌నే తీసేస్తారు. బ్యాచ్ ఫైల్‌లో 'ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8' అని రాస్తే 8, ఆ పైన ఉన్నవన్నీ పట్టుకుంటుంది.

లాగ్ ఫైల్ తప్పనిసరి. కమాండ్ చివర '>>' పెట్టి ఫైల్ పేరు రాస్తే తెర మీద రావాల్సిన మాటలన్నీ ఆ ఫైల్‌లో చేరతాయి. ఒక్క '>' పెడితే పాతది చెరిగిపోయి ఈ రోజుది మాత్రమే ఉంటుంది. తప్పుల సందేశాలు కూడా అందులోకే రావాలంటే చివర '2>&1' కలపాలి. ఇది మరిచిపోతే లాగ్ శుభ్రంగా ఉంటుంది, తప్పులు మాత్రం గాలికి పోతాయి.

ఉర్దూ, తెలుగు డీటీపీ చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. బ్యాచ్ ఫైల్ లోపల ఉర్దూలోనో తెలుగులోనో ఫైల్ పేరు రాస్తే సీఎండీ దాన్ని సరిగ్గా చదవకపోవచ్చు, లాగ్‌లో ప్రశ్న గుర్తులే మిగులుతాయి. ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేసి, మొదట్లో 'సీహెచ్‌సీపీ 65001' రాస్తే చాలావరకు కుదురుతుంది. అంతకంటే సులువు, ఇన్‌పేజ్ ఫైళ్లన్నీ ఇంగ్లిషు పేరున్న ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేయించడం. అప్పుడు లోపలి పేర్లు ఏ లిపిలో ఉన్నా బ్యాచ్ ఫైల్‌లో రాయాల్సిన పని లేదు.

టాస్క్ షెడ్యూలర్‌తో అయితే స్క్రిప్టే అక్కర్లేదు

విండోస్‌లోనే ఉన్న టాస్క్ షెడ్యూలర్‌లో 'రన్ వెదర్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ ఆర్ నాట్' అనే ఎంపిక ఉంది. దాన్ని పెడితే బ్యాచ్ ఫైల్ ఎవరికీ కనబడని వేరే సెషన్‌లో నడుస్తుంది. వీబీస్క్రిప్ట్ అవసరమే ఉండదు. అయితే ఆ సెషన్‌లో మెసేజ్ బాక్స్ పెడితే అదీ ఎవరికీ కనబడదు, పని దాని దగ్గరే నిలిచిపోతుంది. ఇక్కడ లాగ్ ఫైలే దిక్కు.

మన దుకాణాల్లో ఇది పని చేయకపోవడానికి మొదటి కారణం పాస్‌వర్డ్ లేకపోవడం. కౌంటర్ కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఎందుకని వదిలేస్తారు. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో ఇలాంటి పని నడవడానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు. పాస్‌వర్డ్ పెట్టాక మారిస్తే, టాస్క్‌లోనూ మార్చాలి.

రెండో కారణం, ఇంకో కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను 'జడ్ డ్రైవ్' అని కలుపుకుని, బ్యాచ్ ఫైల్‌లో జడ్ అని రాయడం. ఆ వేరే సెషన్‌కు మీ జడ్ డ్రైవ్ తెలియదు. రెండు వెనక గీతలతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి రాయాలి. 'స్టార్ట్ ఇన్' గడిలో ఫోల్డర్ పేరు ఇవ్వకపోతే బ్యాచ్ ఫైల్ సిస్టమ్32 ఫోల్డర్‌లో నిలబడి పని మొదలుపెడుతుంది, పక్కనే ఉన్న ఫైల్ కూడా దొరకదంటుంది. ల్యాప్‌టాప్ అయితే కరెంటు మీద ఉన్నప్పుడే నడవాలన్న టిక్ ముందే పెట్టి ఉంటుంది, చూసుకోవాలి. వేళకు కరెంటు లేక పని తప్పిపోతే, తర్వాత వీలైన వెంటనే నడిపించే టిక్ ఒకటుంది, అది పెట్టుకోవాలి. ఇక వేళ. రాత్రి 10కి షట్టర్ దించే దుకాణం రంజాన్ చివరి రోజుల్లో అర్ధరాత్రి దాటాక కూడా తెరిచే ఉంటుంది. ఆ నెలకు టైమ్ మార్చకపోతే బ్యాకప్ సరిగ్గా గిరాకీ మీద పడుతుంది.

కాపీ ఎక్కడికి వెళ్తోంది?

2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో మంటలు చెలరేగి పెద్ద సంఖ్యలో స్టాళ్లు బూడిదయ్యాయి. ప్రాణాలు దక్కాయి గానీ వ్యాపారుల సరుకు పోయింది. అలాంటి చోట కంప్యూటర్, దాని పక్కనే బ్యాకప్ డిస్క్ రెండూ ఉంటే రెండూ పోతాయి. ఒక కాపీ ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్క్‌ను రాన్సమ్‌వేర్ కూడా వదలదు. రెండు డిస్కులు మార్చి మార్చి వాడటం చవకైన ఉపాయం.

రోబోకాపీలో '/ఎంఐఆర్' వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అది అద్దంలా పని చేస్తుంది. అసలు ఫోల్డర్‌లో ఫైల్ పోతే బ్యాకప్‌లోనూ తుడిచేస్తుంది. అది కూడా ఎవరికీ కనబడకుండా.

ఇది వ్యాపారుల సౌకర్యం మాత్రమే కాదు. సీజీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కంప్యూటర్‌లో లెక్కలు రాసేవాళ్లు సరైన బ్యాకప్ ఉంచాలని, ప్రమాదం జరిగితే తగిన సమయంలో తిరిగి తెచ్చుకోగలగాలని సీజీఎస్టీ 57వ రూల్ చెబుతుంది. కంపెనీలకైతే 2022 ఆగస్టు నుంచి రోజూ బ్యాకప్ తీసి భారత్‌లోని సర్వర్‌లో ఉంచాలన్న నిబంధన ఉంది. నోటీసు వచ్చిన రోజు 'షెడ్యూలర్‌లో విజయవంతం అని ఉంది సార్' అంటే ఏ ఆఫీసరూ వినడు. నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక కంపెనీ డేటా తీసి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. చిరాగ్ అలీ లేన్ పేరు నిజాం సర్కారులో ఆర్థిక శాఖ చూసిన మౌల్వీ చిరాగ్ అలీది. ఆ గల్లీలో కంప్యూటర్ కొన్నవాళ్లయినా హిసాబు విషయంలో ఇంత శ్రద్ధ పెట్టొచ్చు.

వీబీస్క్రిప్ట్ వెళ్లిపోతోంది

వీబీస్క్రిప్ట్‌ను పక్కన పెడుతున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. 2024 మేలో దశలు చెప్పింది. విండోస్ 11లో 24హెచ్2 నుంచి ఇది కావాలంటే ఉంచుకునే అదనపు భాగంగా మారింది, ప్రస్తుతానికి ముందే ఆన్ చేసి ఉంటుంది. 2027 ప్రాంతంలో ఆఫ్ చేసి ఇస్తారు. ఆ తర్వాత పూర్తిగా తీసేస్తారు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది కాబట్టి చాలా దుకాణాలు కొత్త కంప్యూటర్లకు మారుతున్నాయి. పాత డాట్ వీబీఎస్ ఫైల్‌ను అలాగే కొత్త కంప్యూటర్‌లోకి ఎత్తిపెడితే కొంతకాలం నడిచి, ఒకరోజు అప్‌డేట్ తర్వాత ఆగిపోతుంది. కొత్తగా పెట్టేవాళ్లు షెడ్యూలర్ పద్ధతికే మారడం మేలు.

ఇదే ఉపాయం దొంగ చేతిలో

2000 మే నెలలో 'ఐ లవ్ యూ' వైరస్ ఈమెయిళ్ల ద్వారా ప్రపంచమంతా పాకింది. అది వీబీస్క్రిప్టే. ఫైల్ పేరు చివరి భాగాన్ని విండోస్ దాచి చూపడంతో, జనం దాన్ని మామూలు ఉత్తరం అనుకుని తెరిచారు. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లలో షార్ట్‌కట్ వైరస్ వచ్చింది. అసలు ఫోల్డర్లను దాచి, అదే పేరుతో షార్ట్‌కట్లు పెట్టి, నొక్కగానే వెనకాల డబ్ల్యూస్క్రిప్ట్‌తో తన పని చేసుకుంటుంది. నాంపల్లి కోర్టుల చుట్టూ ఉన్న టైపింగ్, జిరాక్స్ దుకాణాల్లో ఒకే కంప్యూటర్‌కు రోజంతా ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో తగులుతాయి. ఒకటి అంటుకుంటే అన్నిటికీ అంటుకుంటుంది. ఫైళ్లు పోయాయని కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి. అవి అక్కడే దాగి ఉంటాయి. వైరస్ లేని కంప్యూటర్‌లో 'అట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ /ఎస్ /డి' కమాండ్‌తో చాలావరకు తిరిగి కనబడతాయి.

అఫిడవిట్లు, ఆధార్ కాపీలు, ఆస్తి పత్రాలు ఆ కంప్యూటర్ల గుండానే పోతాయి. తగిలించిన పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ చప్పుడు లేకుండా కాపీ చేసుకునే స్క్రిప్టు రాయడం, బ్యాకప్ స్క్రిప్టు రాసినంత సులువు. యజమాని అనుమతి లేకుండా డేటా కాపీ చేయడం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. మోసపు ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పని ముగిశాక ఫైల్‌ను ఎదురుగానే తుడిపించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించుకోవడం గిరాకీ హక్కు. వీలైతే పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైల్ తప్ప ఇంకేమీ పెట్టుకుని వెళ్లకూడదు.

మీ కంప్యూటర్‌లో దాగి నడుస్తున్నదేమిటో చూడాలంటే, టాస్క్ మేనేజర్‌లో 'డీటెయిల్స్' తెరిచి, పైన వరస మీద రైట్ క్లిక్ చేసి 'కమాండ్ లైన్' అనే గడి కలుపుకోండి. డబ్ల్యూస్క్రిప్ట్, సీఎండీ, పవర్‌షెల్ కనబడితే అవి ఏ ఫైల్‌ను నడుపుతున్నాయో పక్కనే ఉంటుంది. స్టార్టప్ జాబితా, టాస్క్ షెడ్యూలర్ కూడా చూడాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 'ఆటోరన్స్' ఇవన్నీ ఒకే చోట చూపిస్తుంది. మీరు పెట్టించిన బ్యాకప్ అందులో ఏ పేరుతో ఉందో ఒక కాగితం మీద రాసి కంప్యూటర్‌కు అంటించి ఉంచితే, దాన్నే వైరస్ అనుకుని ఎవరూ తీసేయరు. తెలియని పేరు కనబడి, ఖాతాలోంచి డబ్బు కూడా పోయి ఉంటే ముందు నెట్ తీసేసి 1930కి ఫోన్ చేయాలి.